లమారా ముక్కు

జార్జియాలో కుతాయిసి ఊరి బజారులో మసాలాలు అమ్మే లమారాకు దేవుడు మిగతావన్నీ అరకొరగా ఇచ్చినా ముక్కు మాత్రం నిండుగా ఇచ్చాడు. నీలిమెంతి పొడిలో ఎవరైనా పిండి కలిపితే సంచి మూతి విప్పకముందే పట్టేసేది. బంతిపువ్వు పొడి ఈ ఏటిదా, నిరుటిదా అని పక్క కొట్లవాళ్ళు గుప్పెట్లో పోసుకుని ఆవిడ ముక్కు కిందికి తెచ్చేవాళ్ళు. ఆ ముక్కే ఇన్నేళ్ళూ ఇంటిని నిలబెట్టింది. ఆవిడ ప్రాణం తోడేసింది కూడా ఆ ముక్కే. భర్త జుంబెర్ వీధి మలుపు తిరిగితే చాలు, ఇవాళ ఏం తాగాడో, ఎంత తాగాడో, ఎవరింట్లో తాగాడో కూడా ఆవిడకు తెలిసిపోయేది.

జుంబెర్ చెడ్డవాడనుకునేరు. కాదు. ఊళ్ళో వీధిదీపాలు బాగుచేసే మనిషి, స్తంభం ఎక్కితే ఉడతే. పెళ్ళాన్ని పల్లెత్తు మాట అన్నవాడు కాదు. వచ్చిన చిక్కల్లా ఆ నోటితోనే. మా వాళ్ళ విందు బల్లకు ఒక పెద్ద ఉంటాడు, తమాదా అంటారు. ఎవరి పేర తాగాలో అతనే చెప్తాడు, నాలుగు మంచి మాటలు చెప్పి ముందు తన గ్లాసు ఖాళీ చేస్తాడు. ఆ తర్వాతే మిగతావాళ్ళు. జుంబెర్ నోరు విప్పితే చావింట్లో నవ్వొచ్చేది, పెళ్ళింట్లో కన్నీళ్ళొచ్చేవి. ఇంకేం, పెళ్ళయినా పురుడయినా దినమయినా "జుంబెర్‌ని పిలవండి" అనేవాళ్ళు. అందరూ ఒక్కోరోజు తాగితే ఇతగాడు అందరి రోజులూ తాగేవాడు. తాగించినవాళ్ళు మాత్రం పొద్దున్నే ఎవరి పని మీద వాళ్ళు హాయిగా పోయేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

నిరుడు చలికాలంలో అలాగే ఒక విందు నుంచి లేచొచ్చి, వద్దంటున్నా వినకుండా స్తంభమెక్కి, కిందపడ్డాడు. భుజం విరిగింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ భుజం సంగతి వదిలేసి కాలేయం సంగతి ఎత్తింది. "ఇంకో ఏడాది ఇలాగే తాగితే, అమ్మా, నువ్వు నల్లబట్టలు కుట్టించుకోవచ్చు" అని లమారా మొహం మీదే అనేసింది. కొత్త సంవత్సరం రోజున జుంబెర్ బల్ల మీది రొట్టెపై చెయ్యి పెట్టి ఇక ముట్టనని ఒట్టు వేశాడు. రొట్టె మీద ఒట్టంటే మా దగ్గర ఆషామాషీ కాదు.

ముట్టలేదు కూడా. కానీ లమారాకు నమ్మకం కుదరలేదు. పాపం, ఎలా కుదురుతుంది? ఇంతకుముందు వేసిన ఒట్లు ఎన్ని చూడలేదు! రోజూ రాత్రి అతను పడుకున్నాక దుప్పటి సర్దే వంకతో వంగి, మొహం దగ్గర ఒక్క పీల్పు పీల్చేది. పుదీనా, పొగాకు, ఉల్లిపాయ. అంతే. "దేవుడా, ఈ పూటకి గండం గడిచింది" అనుకుని అటు తిరిగి పడుకునేది. మర్నాడు మళ్ళీ అదే భయం.

వాళ్ళిద్దరూ పెళ్ళయిన కొత్తలో ఒకసారి బతూమి వెళ్ళారు. అప్పటిదాకా లమారా సముద్రం చూసి ఎరగదు. దిగిన సాయంత్రమే హోటల్ కింద ఓడల్లో పనిచేసేవాళ్ళ బల్ల ఒకటి జుంబెర్‌ను పిలిచింది. "ఒక్క గ్లాసు, మర్యాదకి" అని వెళ్ళినవాడు సెలవు అయిపోయేదాకా ఆ బల్లకే అతుక్కుపోయాడు. కొత్తపెళ్ళికూతురు గులకరాళ్ళ మీద ఒక్కతే కూర్చుని సముద్రం చూసింది. ఆ సంగతి ఆవిడ ఎన్నడూ ఎత్తిపొడవలేదు, అలాగని మర్చిపోనూ లేదు.

ఈ నవంబరులో కొత్త మసాలాలు ఎండి, దంచి, అమ్ముడయ్యాక ఒక సాయంత్రం ఉన్నట్టుండి అంది. "బతూమి పోదాం."

"నవంబర్లోనా? వానలు కురుస్తుంటాయే!" అన్నాడు జుంబెర్.

"కురవనీ. వానకి సముద్రం కరిగిపోదులే."

అతను ఆవిడ వంక చూశాడు. పాత సంగతి అతనికీ గుర్తుంది కాబోలు, అటక మీంచి పెట్టె దించాడు.

బతూమిలో ఒక విధవరాలి ఇంట్లో గది తీసుకున్నారు. నిజంగానే వాన. మొదటి రోజు పొద్దున్న లమారా కళ్ళు తెరిచేసరికి పక్కన మనిషి లేడు. రాత్రి గౌను మీదే కోటు తగిలించుకుని, తల కూడా దువ్వుకోకుండా సముద్రం వైపు పరుగు తీసింది. దారిలో తెరిచున్న ప్రతి కొట్టులోకీ తొంగి చూసింది. ఎక్కడా లేడు. తీరా చూస్తే రేవు గట్టు మీద చేపలు పట్టే ముసలాళ్ళ మధ్య బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, ఎవరి గాలానికో ఎర గుచ్చుతున్నాడు.

"ఏమే, అలా ఉన్నావు? ఇల్లు గానీ కాలిపోయిందా?" అన్నాడు.

"చెప్పా పెట్టకుండా ఎటు పోయావ్?"

"నువ్వు గాఢంగా నిద్రపోతున్నావు. లేపబుద్ధి కాలేదు. చూడు, ఈ పెద్దాయన ఎన్ని పట్టాడో!"

చేపలు చూస్తున్నట్టు లమారా అతని మీదికి వంగింది. చేపకంపు, తడి ఉన్ని వాసన, పొగాకు. ఆ తడి గట్టు మీదే కూలబడింది. పక్కనున్న ముసలాయన "అమ్మాయికి చలేస్తోందేమో" అని ఫ్లాస్కులో టీ పోసిచ్చాడు. అరవై దాటినావిడను అమ్మాయి అన్నందుకు ఆవిడకు నవ్వొచ్చింది.

ఆ తర్వాత నిజంగా సెలవే. ఉదయం పడవ ఆకారంలో కాల్చిన జున్నురొట్టె ఒకటి తెప్పించుకుని, నడుమ ఉన్న గుడ్డుసొన కోసం చెరో కొన నుంచి తుంచుకుంటూ పోట్లాడుకున్నారు. ఒకే గొడుగు కింద చెట్ల బాట పొడవునా నడిచారు. వాన ఎక్కువైతే ఏ చూరు కిందో నిలబడ్డారు, తగ్గితే మళ్ళీ నడిచారు. తొందరన్నది లేదు. రోజూ సాయంత్రం గులకరాళ్ళ మీద పాత పత్రికలు పరుచుకుని కూర్చునేవాళ్ళు. జుంబెర్ ఓడలు చూసేవాడు, లమారా జుంబెర్‌ను చూసేది. సముద్రం చూద్దామని వచ్చిన మనిషి సముద్రం చూడటం లేదు, అదీ ఆవిడ తిప్పలు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం బాట మీద ఎదురుగా వస్తున్న బండమనిషి ఒకడు హఠాత్తుగా ఆగి చేతులు బార చాపాడు.

"ఒరేయ్! ఈ మొహం కుతాయిసి జుంబెర్‌ది కాకపోతే నా మీసం తీసేస్తా!"

"ఆస్లాన్!"

ఇద్దరూ వాటేసుకుని ఒకళ్ళ వీపు ఒకళ్ళు దబదబా బాదుకున్నారు. ఆస్లాన్, జుంబెర్, గురియా ప్రాంతం వాడు కార్లో - ముగ్గురూ కుర్రతనంలో ఎక్కడో సైబీరియాలో కలిసి సైన్యం నౌకరీ చేసినవాళ్ళు. మంచులో ఒకే దుప్పటి కింద పడుకున్నవాళ్ళు. కార్లో పోయి కొన్నేళ్ళయింది. అతని చావింట్లో కలుసుకున్నాక మళ్ళీ ఇదే చూడటం. ఆస్లాన్‌ది ఇక్కడికి పైన కేదా కొండల్లో ఇల్లు, ద్రాక్షతోట, వైన్ పని. పీపా బిరడాలు కొనడానికి ఊళ్ళోకి దిగాడట.

"రేపు మా ఇంట్లో ద్రాక్ష కోత" అన్నాడు ఆస్లాన్. "ఇంత దూరం వచ్చి నా గడప తొక్కకుండా పోతావట్రా? వదినా, నువ్వే చెప్పు. నా ఇంటి వైన్ రుచి చూడకుండా వీణ్ణి పోనిస్తే కార్లో సమాధిలోంచి లేచొచ్చి నన్ను తంతాడు!"

లమారా నోరు తెరిచేలోపే జుంబెర్ "వస్తాంరా" అనేశాడు.

గదికి వచ్చి తలుపు వేసిందో లేదో ఆవిడ విరుచుకుపడింది. "ద్రాక్ష కోతకి వెళ్తాడట! వైన్ ఇంటికి! పిల్లి పాలగదికి పోయి ఊరికే చూసొస్తానన్నట్టుంది. తాగడం మానేశానని అతనితో ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయింది?"

"ఏమని చెప్పను?"

"ఉన్నది చెప్పు!"

"నడివీధిలో వాటేసుకున్నవాడితో, నేను రోగిష్టివాణ్ణయ్యానని చెప్పనా?"

"పోనీ, మందులు వాడుతున్నానని చెప్పు. యాంటీబయాటిక్స్ అను."

జుంబెర్ నవ్వాడు. "ఈ దేశంలో యాంటీబయాటిక్స్ వాడుతున్నానన్నవాడి మాట ఎవడైనా నమ్మాడటే? నేను తమాదాగా ఉన్నప్పుడు అలా అన్నవాడికి రెండు గ్లాసులు ఎక్కువ పోయించేవాణ్ణి."

"నీ మొహం! అయితే పోవద్దు."

"మాటిచ్చాను, లమారా."

"నాకూ ఇచ్చావు మాట!"

అతను వెళ్ళి కిటికీ దగ్గర నిలబడి వాన చూడసాగాడు. అది ఆవిడకు ఏమాత్రం నచ్చలేదు. ఏడాది కష్టం రేపు ఒక్క పూటలో నీళ్ళపాలవుతుందని నిశ్చయించేసుకుంది. ఈసారి కనక గ్లాసెత్తితే ఇక దింపడు. దింపకపోతే డాక్టరమ్మ చెప్పిన నల్లబట్టలే.

మర్నాడు కొండ కింద వ్యాన్ దిగేసరికి వాన వెలిసింది. కేదా కొండల్లో ద్రాక్షతోట అంటే పందిళ్ళూ వరసలూ కావు. తీగలు చెట్ల మీదికి పాకి ఉంటాయి. పెద్ద పెద్ద చెట్లు, ఆకులు రాలిపోయి కొమ్మ కొమ్మకీ ద్రాక్ష గుత్తులు. కోసేవాడు చెట్టెక్కాల్సిందే. మొన తేలిన పొడుగాటి బుట్టను కొమ్మకు తగిలించుకుని కోసి నింపుతాడు, నిండాక తాడుతో కిందికి దింపుతాడు. కింద ఉన్నవాళ్ళు గుమ్మరించుకుని ఖాళీ బుట్ట పైకి పంపుతారు.

ఆస్లాన్ కావలించుకోవడం అయిందో లేదో చేతిలో సీసాతో సిద్ధం. "దారి అలసట తీరడానికి, ఒక్క గుక్క!"

"పని ముందు!" అన్నాడు జుంబెర్, కోటు విప్పి పారేస్తూ. "ఏదిరా నీ ఇంట్లో అన్నిటికన్నా పొడుగు చెట్టు?"

ఆస్లాన్ మురిసిపోయాడు. "చూశారట్రా, కుతాయిసి వాడి పౌరుషం!" అని ఇరుగుపొరుగు కూలీలకు చూపించాడు. ఆ విరిగిన భుజంతోనే జుంబెర్ సరసరా ఎక్కిపోయాడు. స్తంభాల మనిషి కదా, చెట్టొక లెక్కా! తాడు పట్టుకోవడానికి లమారా కింద నిలబడింది.

ఒక బుట్ట దిగింది, రెండు దిగాయి, పది దిగాయి. మిగతా చెట్ల వాళ్ళు దిగి, చేతులు కడుక్కుని, తెరిచున్న వాకిట్లో బల్ల సర్దడం మొదలెట్టారు. వేడి మొక్కజొన్న రొట్టెలు, వెన్నలో కరిగిన జున్ను, అక్రోటు గుజ్జులో ఉడికిన కోడి, నడుమ గులాబి రంగు వైన్ జాడీలు. జుంబెర్ మాత్రం దిగలేదు.

"ఒరేయ్, దిగరా! చల్లారిపోతోంది!" అని ఆస్లాన్ కేక.

"ఇంకో బుట్ట!"

కాసేపాగి మళ్ళీ కేక.

"ఆ చివరి కొమ్మ మిగిలిందిరా! పక్షులపాలు చేయమంటావా?"

"చేయరా! పక్షులకీ పెళ్ళాంపిల్లలున్నారు!"

అందరూ గొల్లున నవ్వారు. లమారా నవ్వలేదు. కిందికి వచ్చిన బుట్టలో చూస్తే అడుగున నాలుగంటే నాలుగే గుత్తులున్నాయి. కొమ్మ మీద కోయడానికి ఇంకేమీ మిగల్లేదు. ఈయన ఊరికే పైన కూర్చున్నాడు.

చెట్టు మొదలు దగ్గరికి వెళ్ళి తల పైకెత్తింది. "జుంబెర్, ఏం చేస్తున్నావు పైన?"

ఆవిడకు మాత్రమే వినబడేలా పైనుంచి గొంతు వచ్చింది.

"దిగడానికి భయంగా ఉంది, లమారా."

"భుజం నొప్పా?"

"భుజం కాదే. కింద ఆ జాడీలు కనిపిస్తున్నాయి. వాసన ఇక్కడిదాకా కొడుతోంది. దిగితే తాగుతానేమోనని భయం. పొద్దున ఆ సీసా తీశాడు చూడు, అప్పుడే నోరూరిపోయింది. అందుకే ఎక్కేశాను."

లమారా చేతిలో తాడు అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ భయం తనొక్కదానిదే అనుకుంది. అతను హాయిగా ఉన్నాడని, తనే కాపలా కాస్తున్నానని అనుకుంది. ఆ మనిషి కూడా రోజూ తనలాగే భయపడుతూ, తనకంటే ఎక్కువ భయపడుతూ ఉన్నాడని ఒక్కనాడూ తట్టలేదు. ఊరందరి వాసన పట్టే ముక్కుకు ఇంట్లో మనిషి భయం తెలియలేదు కదా అని తన మీద తనకే కోపం వచ్చింది. ఆ వెంటనే మనిషి మీద పట్టలేనంత జాలి పొంగుకొచ్చింది.

"మరి నిన్న ఎందుకు ఒప్పుకున్నావయ్యా?"

"కార్లో పోయాడు. ఆస్లాన్‌కి కూడా మొహం చాటేస్తే ఇంక నాకెవరున్నారు? తాగుడు మానితే స్నేహితులు కూడా మానాలా?"

ఆవిడ ఆలోచించింది. దిగవద్దనలేదు, పోదాం పదమనీ అనలేదు. "దిగు. నీ పక్కనే కూర్చుంటాను. తాగాలనిపిస్తే బల్ల కింద నా చెయ్యి గట్టిగా పట్టుకో. విరిగినా సరే, పట్టుకో" అంది.

కొమ్మలు కదిలాయి. జుంబెర్ నెమ్మదిగా దిగొచ్చాడు. మోకాళ్ళు చెక్కుకుపోయాయి, తల నిండా ఎండుటాకులు. లమారా ఆకులు ఏరి, అతన్ని వాకిట్లోకి నడిపించుకొచ్చింది.

బల్ల చివర ఆస్లాన్ తల్లి ఫాదికో కూర్చునుంది. తలకు తెల్ల గుడ్డ కట్టుకున్న ముసలావిడ, తొంభైకి దగ్గర. చెవులు సరిగా వినబడవు, కళ్ళు మాత్రం డేగ కళ్ళు. జుంబెర్ కూర్చోగానే ఆస్లాన్ గ్లాసుతో లేచాడు.

"ఇవాళ ఈ బల్లకి తమాదా నేను కాదు. జార్జియాలో వీడి నోటికి సాటి నోరు లేదు. లేవరా జుంబెర్! ముందు మాట నీదే, ముందు గ్లాసూ నీదే!"

అందరూ చప్పట్లు కొట్టారు. గ్లాసు నిండింది. నిండుగా, అంచు దాకా, లేత గులాబి రంగులో. బల్ల కింద లమారా చేతిని అతని చెయ్యి పట్టుకుంది. అబ్బా, ఏం పట్టు అది! వేళ్ళు నలిగిపోతున్నా ఆవిడ కిక్కురుమనలేదు.

"లేవరా, పెళ్ళికూతురిలా సిగ్గేంటి!"

జుంబెర్ లేచాడు. చెయ్యి వదిలేశాడు. అయిపోయింది, అనుకుంది లమారా. కళ్ళు దించుకుంది.

"ముందు మాట నాదే అన్నాడు కాబట్టి వరస తప్పించి పోయినవాళ్ళ మాట ముందుకు తెస్తున్నాను, ఏమీ అనుకోకండి" అన్నాడు జుంబెర్. ఆ పాత గొంతే. "మొదటి మాట కార్లో పేర."

పోయినవాళ్ళ పేర అనేసరికి కుర్చీలు కిర్రుమన్నాయి, మగవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. ఈ గ్లాసుకు మాత్రం ఎవరూ కాదనడానికి లేదు. జబ్బుపడ్డవాడయినా పెదవికి తాకించాలి. మా బల్లల దగ్గర ఇంతకన్నా కఠినమైన గ్లాసు లేదు.

"సైబీరియాలో ఒక రాత్రి నాకు కాళ్ళు బిగుసుకుపోతే వాడు తన మేజోళ్ళు విప్పి నాకు తొడిగాడు. 'మరి నీకురా?' అంటే, 'నాకు చలి తెలీదురా, మాది గురియా' అన్నాడు, పచ్చి అబద్ధం. పొద్దునకి వాడి వేళ్ళు నీలంగా ఉన్నాయి. మనం తిన్నప్పుడు కలిసి తిన్నాడు, తాగినప్పుడు కలిసి తాగాడు. ఆఖరికి ఆ తాగుడే వాణ్ణి తీసుకుపోయింది. మనకు తెలుసు. చావింట్లో ఎవరం నోరెత్తి చెప్పలేదు. నేనైతే తమాదాగా నిలబడి ఇంకా తాగించాను కూడా."

ఆస్లాన్ మీసం అదురుతోంది. జుంబెర్ బల్ల మీంచి ఒక రొట్టెముక్క తీసి ఎడమ చేతిలో పెట్టుకున్నాడు. పోయినవాళ్ళ పేర రొట్టె మీద రెండు చుక్కలు వైన్ పోయడం ఆచారం. జుంబెర్ రెండు చుక్కలతో ఆపలేదు. గ్లాసు వంచి అలాగే పోస్తూ పోయాడు. రొట్టె తడిసి, బరువెక్కి, చేతి మీంచి కారి, మోచేతి దాకా పాకి, చొక్కా తడిపింది. గ్లాసులో ఆఖరి చుక్క దాకా పోశాడు.

"కార్లో, నా వంతు కూడా నువ్వే తాగరా" అన్నాడు. "నేను మానేశాను."

ఖాళీ గ్లాసు బోర్లించి పెట్టి కూర్చున్నాడు. చెయ్యి బల్ల కిందికి వచ్చి మళ్ళీ లమారా చేతిని వెతుక్కుంది. తడిగా, జిగురుగా, వైన్ కంపు కొడుతూ. ఆ చేతిని ఆవిడ రెండు చేతులతో పట్టుకుంది. కళ్ళలోంచి నీళ్ళు జారిపోతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

అందరూ ఆస్లాన్ వైపు చూశారు. ఇల్లు అతనిది, గ్లాసు అతనిది, తాగననడం అతని మొహం మీదే. అతను ఎర్రబడ్డ కళ్ళతో జుంబెర్‌ను చూస్తూ నిలబడ్డాడు.

"గాడిదా!" అన్నాడు చివరికి. "ఈ ముక్క నిన్న బాట మీదే చెప్పకూడదట్రా? పొద్దుట్నుంచి చెట్టు మీద కోతిలా వేలాడతావా? నేనేమన్నా నీ గొంతులో గరాటా పెట్టి పోస్తానా?"

"పోస్తావు" అన్నాడు జుంబెర్.

ఆస్లాన్ ఒక్క క్షణం ఆలోచించాడు. "నిజమే, పోస్తాను" అని ఒప్పేసుకుని, గ్లాసు కింద పెట్టేసి, వచ్చి జుంబెర్ తల తన పొట్టకు హత్తుకున్నాడు. బల్ల చుట్టూ ఊపిరి తిరిగింది. ఎవరో దగ్గారు, ఎవరో నవ్వారు.

ఈ గొడవంతా చివర కూర్చున్న ఫాదికోకు సగం వినబడి ఉంటుంది. "ఏవిట్రా, ఆ అబ్బాయి తాగడా?" అని గట్టిగా అరిచింది.

"తాగడమ్మా! మానేశాడు!" అని కొడుకు అంతకన్నా గట్టిగా అరిచాడు.

"అయితే ఏడుపు దేనికి? మీ నాన్న బతికున్నన్నాళ్ళూ వైన్ చేశాడు, ఒక్క చుక్క నోట పెట్టాడా? నమాజు చేసే మనిషి. అయినా ఈ బల్ల దగ్గర ఆయన కంటే పెద్ద తమాదా పుట్టాడా? పొయ్యి మీద అక్రోటు దండలు ముంచడానికని కాస్తున్న ద్రాక్షరసం ఉంది. పోసుకురండి ఆ అబ్బాయికి. మీ నాన్న కొమ్ములో!"

ఆస్లాన్ భార్య లోపలికి పరిగెత్తింది. గోడకు వేలాడే పాత ఎద్దుకొమ్ము దింపి, కడిగి, చిక్కగా కాచిన ద్రాక్షరసం పోసి తెచ్చింది. నల్లగా, తియ్యగా, పొగలు కక్కుతూ. జుంబెర్ దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. కొమ్ముకి అడుగుండదు, బల్ల మీద నిలబడదు. అందుకున్నాక తాగి తీరాల్సిందే. లేచి నిలబడి, ఫాదికో వైపు తిరిగి, ముసలావిడ పేర మొదలుపెట్టాడు. ఏం మాట్లాడాడో నేను చెప్పలేను, ఆ నోటితో వినాల్సిందే. ముసలావిడకు సగమే వినబడినా పూర్తిగా ఏడ్చింది. ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. వాళ్ళు వైనూ అతను రసమూ తాగుతూ సాయంత్రం దాకా బల్ల నడిచింది. మాట మాటకీ కడుపు పట్టుకుని నవ్వారు. ఒక పొరుగాయన "ఈ ఏడుపూ నవ్వూ తాగకుండానే వస్తున్నాయే, మనం తాగడం దండగేమో" అన్నాడు, అని గ్లాసు ముందుకు చాపాడు.

లమారా రెండుసార్లు జున్ను వడ్డించుకుని తిన్నది. ఆ ముందురోజు మధ్యాహ్నం నుంచి తనేమీ తినలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆస్లాన్ బండిలోనే పొరుగాయన కొడుకు వాళ్ళను బతూమిలో దింపాడు. గదికి రాగానే ఇద్దరూ మంచమెక్కేశారు.

మర్నాడు ఎండ కాసింది. నవంబరులో అలాంటి ఎండ బతూమికి పండగే. ఇద్దరూ గులకరాళ్ళ మీద పత్రికలు పరుచుకుని కూర్చున్నారు. సముద్రం నిమ్మళంగా ఉంది. లమారా బూట్లు విప్పి, మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుని, అలలు వచ్చి రాళ్ళను కదిలించి వెళ్ళడం చూస్తూ ఉంది. ఎంతసేపు చూసిందో తెలీదు. ఈసారి పక్కకు తిరిగి చూడలేదు.

జుంబెరే పక్కకు తిరిగాడు.

"నిన్న రాత్రి దుప్పటి సర్దలేదేం?"

లమారా ఉలిక్కిపడింది. "ఏం దుప్పటి?"

"అదే. రోజూ సర్దుతావు కదా. వంగి, ఇలా" అని ముక్కు ముడిచి గాలి పీల్చి చూపించాడు.

ఆవిడ మొహం ఎర్రగా కందిపోయింది. "నీకు తెలుసా?"

"నలభయ్యేళ్ళు తీగలతో పనిచేసినవాణ్ణి. కరెంటు ఉందో లేదో చూసే చెయ్యి నాకు తెలీదా?" అన్నాడు. "నువ్వు వంగగానే గట్టిగా ఊపిరి వదిలేవాణ్ణి, నీకు శ్రమ లేకుండా. నిన్న కూడా పడుకుని వదులుతూ ఉన్నాను, వదులుతూ ఉన్నాను, నువ్వు రావే! పక్కన గురక."

లమారాకు నవ్వాగలేదు. నవ్వుతూనే ఏడ్చింది. ఏడుస్తూ అతని భుజం మీద ఒక దెబ్బ వేసింది, విరిగిన భుజం కాదు, రెండోది.

"మరి ఎందుకు సర్దలేదూ?" అని మళ్ళీ అడిగాడు. నవ్వులాటగా అడగటం లేదని గొంతులోనే తెలిసింది.

లమారా ఆలోచించింది. నిన్న అతని చొక్కా నిండా, చేతుల నిండా వైనే. సందేహించాలంటే నిన్నంత వీలైన రోజు లేదు. అయినా మంచమెక్కిందీ, కళ్ళు మూసిందీ, అంతే గుర్తుంది.

"మర్చిపోయాను" అంది.

ఎన్నో బల్లల ముందు ఎన్నో వేల మాటలు చెప్పిన జుంబెర్‌కు దానికి బదులు చెప్పడానికి ఏదీ దొరకలేదు. ఆవిడ పక్కకి ఇంకాస్త జరిగి కూర్చున్నాడు.

"ఏదీ, ఆ మాట మళ్ళీ ఒకసారి అను."

"మర్చిపోయానయ్యా" అంది లమారా.